నా క్లోమం రాళ్లు, మా ఇంటి మందులు

2018 కనుమ నాటి రాత్రి మొదలైంది నాకు ఈ నొప్పి. మాది పెద్దాపురం దగ్గర పల్లె. కనుమ అంటే మా ఇంట్లో పొద్దున్నే మినప గారెలు, మధ్యాహ్నం నాటుకోడి పులుసు, మధ్యమధ్యలో నేతి అరిసెలు. రాత్రి తొమ్మిదింటికి బొడ్డుకి నాలుగు వేళ్ల పైన, సరిగ్గా నడిమధ్యన, గునపం దింపినట్టు పోటు. పది నిమిషాల్లో అది వీపులోకి పాకింది. వెల్లకిలా పడుకుంటే ప్రాణం పోతోంది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని ముందుకు వంగి కూర్చుంటే మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది. అలా వంగి కూర్చోవడంలోనే జబ్బు ఆనవాలు ఉందని నాకు మూడేళ్లు పోయాక ఒక డాక్టరుగారు చెప్పారు.

ఆ రాత్రి మా అత్తయ్యగారు నిద్రపోలేదు. వాము దోరగా వేయించి, ఉప్పు వేసి నూరి, వేడినీళ్లలో కలిపి స్టీలు గ్లాసుతో తాగించారు. ఇంగువ ముక్క గిన్నె అడుగున నీళ్లతో అరగదీసి బొడ్డు చుట్టూ పట్టు వేశారు. తమలపాకుకి ఆముదం రాసి, దీపం మీద వెచ్చజేసి పొట్ట మీద పరిచారు. "గ్యాసు పట్టేసిందమ్మా, గారెలు పడలేదు. తెల్లారేసరికి సర్దుకుంటుందిలే" అంటూ వీపు నిమురుతూనే ఉన్నారు. తాగిన వామునీళ్లు తాగినట్టే వాంతి అయిపోయాయి. మర్నాడు ఊళ్లో ఆర్‌ఎంపీ గారు వచ్చి సూది వేశారు. రెండో రోజు ఏమీ తినలేకపోయాను. మూడో రోజు శొంఠి కషాయం తాగాను, సాయంత్రానికి నొప్పి తగ్గింది.

అప్పటినుంచి మా ఇంట్లో శొంఠి కషాయానికి గొప్ప పేరొచ్చింది. రెండు మూడు నెలలకోసారి నొప్పి రావడం, మూడు నాలుగు రోజులకి పోవడం మామూలైపోయింది. ఒకసారి జీలకర్ర నీళ్లకి తగ్గింది. ఒకసారి నల్లుప్పు, నిమ్మరసంతో తగ్గింది. ఇంకోసారి బొడ్డు జరిగిందని ఒకావిడ వచ్చి పొట్ట తోమితే తగ్గింది. ఇప్పుడు తెలిసింది, నాకు వచ్చేది క్లోమం వాపు. క్లోమం అంటే తిన్నది అరిగించే రసాలు చేసే అవయవం, ఇంగ్లీషులో పాంక్రియాస్. అది తేలికగా వాచినప్పుడు చాలామందిలో ఆ వాపు మూడు నుంచి అయిదు రోజుల్లో దానంతటదే తీస్తుంది. ఆ రోజుల్లో ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవడం, నొప్పి తగ్గించడం, తినగలిగినప్పుడు తేలికగా తినడం అసలు వైద్యం. మేం చేసిందల్లా, నొప్పి తీసే రోజు చేతిలో ఏ గ్లాసు ఉందో దానికి ఆ గొప్ప కట్టబెట్టడం. కడుపునొప్పికి ఇంటి వైద్యం చేసుకునే ప్రతి ఇంటికీ ఈ ఒక్క మాట చెప్పాలని ఉంటుంది నాకు. ఎందుకంటే నన్ను మూడేళ్లు ఆస్పత్రికి దూరంగా ఉంచింది మొండితనం కాదు, డబ్బు లేక కాదు, ప్రతిసారీ "తగ్గింది కదా" అన్న నమ్మకం.

2019లో మా పెద్ద మావయ్య నన్ను పసరు మందుకి తీసుకెళ్లాడు. మన్యం అంచున చిన్న పల్లె. ఆదివారం పొద్దు పొడవకముందే, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లాలి. మేం చేరేసరికి ఆ ఇంటి అరుగు మీద ఇరవై మంది కూర్చుని ఉన్నారు, ఎక్కువమంది పచ్చకామెర్ల వాళ్లే. పెద్దావిడ రోట్లో ఆకు నూరుతోంది. ఏ ఆకో చెప్పదు, చెబితే మందు పని చెయ్యదని వాళ్ల నమ్మిక. తడిగుడ్డలో పిండి, ఆ చిక్కటి ఆకుపచ్చ రసంలో ఆవుపాలు కలిపి ఇచ్చింది. గడ్డీ మట్టీ కలిసిన వాసన, నాలిక మీద వగరు, గొంతు దాటాక చేదు. డబ్బు తీసుకోలేదు. కొబ్బరికాయ, తాంబూలం, తోచినంత దక్షిణ, అంతే. ఇచ్చి, పథ్యం చెప్పింది: ఇరవై ఒక్క రోజులు నూనె చుక్క తగలకూడదు, నెయ్యి వద్దు, మాంసం వద్దు, చింతపండు, వంకాయ, గోంగూర వద్దు. పెసరకట్టుతో అన్నం, పలచటి మజ్జిగ. కొంచెం కొంచెంగా తినాలి, కడుపు నిండా తినకూడదు.

చెప్పినట్టే చేశాను. అయిదు నెలలు నొప్పి రాలేదు! మా మావయ్య ఊరంతా చెప్పాడు.

ఆ పెద్దావిడ మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ ఏం జరిగిందో ఇప్పుడు వేరుగా అర్థమవుతోంది. మనం కొవ్వు తిన్నప్పుడు చిన్నపేగు నుంచి కబురు వెళ్లి, క్లోమం రసాన్ని వదులుతుంది. తిండిలో కొవ్వు ఎంత ఎక్కువైతే దానికి అంత పని. దారిలో రాయి అడ్డం ఉంటే ఆ రసం వెనక్కి తన్ని నొప్పి పుడుతుంది. నూనె ఆపి, కొంచెం కొంచెం తింటే ఆ పని తగ్గుతుంది. నాకు ఊరటనిచ్చింది పసరు కాదు, పసరుతో పాటు వచ్చిన పథ్యం. మన పాత వైద్యంలో అసలు మందు చాలాసార్లు ఆ రెండో సగంలోనే ఉంటుందని నా నమ్మకం. మనం గ్లాసు తాగి, పథ్యం నాలుగు రోజులకి వదిలేస్తాం.

అయితే ఆ పథ్యమే నన్ను ఎండగట్టింది కూడా. నొప్పి భయంతో ఇరవై ఒక్క రోజుల పథ్యాన్ని ఏడాదిన్నర చేశాను. పెళ్లినాటికి యాభై రెండు కిలోలు ఉండేదాన్ని, 2021 వేసవికి నలభై ఒకటికి వచ్చాను. జుట్టు రాలిపోయింది. సాయంత్రం బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి పిక్కలు పీకేవి. ఇంకొకటి ఉంది, అది చెప్పడానికి అప్పట్లో నోరు రాలేదు. విరేచనం పాలిపోయి, జిడ్డుగా, నీళ్ల మీద తేలేది. రెండు బకెట్లు కొట్టినా పోయేది కాదు, వాసన వేరుగా ఉండేది. రెండేళ్లు మా ఆయనకి కూడా చెప్పలేదు. అది క్లోమం చేతులెత్తేసిందనడానికి గుర్తు. తిన్న కొవ్వుని అరిగించే లైపేజ్ అనే రసం తయారవక, కొవ్వు అలాగే బయటికి పోతోందన్నమాట. డాక్టర్లు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి. సిగ్గుపడకుండా చెప్పండి, దయచేసి. నేను చెప్పి ఉంటే రెండేళ్లు కలిసొచ్చేవి.

2021 జూన్‌లో నొప్పి మళ్లీ వచ్చింది, ఈసారి మూడో రోజుకి తగ్గలేదు. కరోనా రెండో అల భయం ఇంకా పోలేదు, ఆస్పత్రి అంటేనే వణుకు. నాలుగో రోజు జ్వరం, కళ్లు తిరిగి పడిపోయాను. కాకినాడలో చేర్చారు. రక్తపరీక్షలో లైపేజ్ 1,140 వచ్చింది. ఆ ల్యాబు కాగితం మీద గరిష్ఠం 60 అని ఉంది. మూడు రెట్లు దాటితేనే పాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాపు అని అనుమానిస్తారట.

అక్కడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "మందు తాగుతారా అమ్మా?"

మా అత్తయ్యగారు, మా ఆయన పక్కనే ఉన్నారు. లేదన్నాను. మళ్లీ అడిగారు, మొహమాటపడకండి అన్నారు. ఆ డాక్టరుది తప్పని అనను. సారా, సిగరెట్టు ఈ జబ్బుకి పెద్ద కారణాలు, అడగాల్సిందే. పిత్తాశయంలో రాళ్లు ఇంకో పెద్ద కారణం. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు వెయ్యి దాటినా వస్తుంది. కానీ ఊళ్లో ఆ మాట పాకింది. క్లోమం జబ్బంటే తాగుబోతు జబ్బేనని ముద్ర. ముట్టని ఆడదానికి, చిన్న పిల్లలకి కూడా వస్తుందని ఎవరికీ తెలియదు.

సీటీ స్కాన్ ఫిల్ము దీపం ముందు పెట్టి డాక్టరుగారు వేలితో చూపించారు. జీర్ణాశయం వెనకాల, వెన్నెముకకి అడ్డంగా, జానెడు పొడవు అవయవం. దాని పొడవునా తెల్లటి చుక్కలు, నల్ల గుడ్డ మీద బియ్యపు నూకలు ఒలికినట్టు. "ఇవన్నీ రాళ్లే. ఇవి మూడు రోజుల్లో తయారైనవి కావు, ఏళ్లుగా ఉన్నాయి" అన్నారు. క్లోమం రెండు పనులు చేస్తుంది. ఒకటి అరుగుదల రసాలు, రెండోది ఇన్సులిన్. ఆ రసాలు చిన్నపేగులోకి వచ్చాకే మేలుకోవాలి. లోపలే మేలుకుంటే క్లోమాన్నే అరిగించడం మొదలుపెడతాయి. వాటిని అదుపులో ఉంచే తాళాల్లో ఒకటి స్పింక్-1 అనే జన్యువు చేతిలో ఉంటుంది. తాగుడు అలవాటు లేకుండా ఈ జబ్బు వచ్చిన మన దేశపు రోగుల్లో చాలామందికి ఆ జన్యువులో తేడా కనిపిస్తోందట. దక్షిణాదిలో ఇది కొత్త కాదు. 1960లలోనే కేరళలో డాక్టర్ గీవర్గీస్ ఇలాంటి వాళ్లని పెద్ద సంఖ్యలో గమనించారు, పడుచువాళ్లకి నొప్పి, క్లోమంలో రాళ్లు, ఆ తరవాత చక్కెర జబ్బు.

"రాళ్లు" అన్న మాట వినగానే మా ఇంట్లో వైద్యం మారిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజే అత్తయ్యగారు పొలం గట్టు నుంచి కొండపిండి ఆకు కోసుకొచ్చారు. పేరులోనే ఉంది కదా, కొండని కూడా పిండి చేస్తుందని. దాని కషాయం పొద్దున, అరటి దూట రసం మధ్యాహ్నం, ఉలవకట్టు రాత్రి. మా చినమామగారికి కిడ్నీలో రాయి ఈ మందులతోనే పడిపోయింది, కాబట్టి ఇంట్లో ఎవరికీ సందేహం లేదు. నాకూ లేదు. నెలన్నర తాగాను.

తరవాత హైదరాబాద్‌లో జీర్ణకోశ వ్యాధుల డాక్టరుగారికి ఇది చెబితే నవ్వలేదు, కసురుకోలేదు. కాగితం మీద బొమ్మ గీశారు. కిడ్నీ రాయి మూత్రం దారిలో ఉంటుంది. నువ్వు ఏం తాగినా ఆ నీళ్లు రాయిని తడుపుతూ పోతాయి, చిన్న రాయైతే నీటి ఒరవడికే కొట్టుకుపోవచ్చు. అవి ఎక్కువగా క్యాల్షియం ఆక్సలేటు. క్లోమం రాయి క్యాల్షియం కార్బొనేటు, సుద్దముక్కలో ఉండేది అదే. అది ఉండే గొట్టం మామూలుగా మూడు మిల్లీమీటర్ల వెడల్పు, అందులో పారేది క్లోమం రసమే తప్ప నువ్వు తాగే నీళ్లు కాదు. కొండపిండి కషాయం అక్కడికి చేరే దారే లేదు. ఆ బొమ్మ కాగితం ఇంటికి తెచ్చి అత్తయ్యగారికి చూపించాను. చాలాసేపు చూసి, "అయితే రాయి ఒకటే గానీ ఊళ్లు వేరన్నమాట" అన్నారు. నాకు అంతకంటే బాగా చెప్పడం చేతకాదు.

సగ్గుబియ్యం సంగతి కూడా చెప్పాలి, మా ప్రాంతం వాళ్లు తప్పకుండా అడుగుతారు. మా చుట్టుపక్కల మెట్ట భూముల్లో కర్రపెండలం పండుతుంది, దాన్నుంచే సగ్గుబియ్యం చేసే మిల్లులు ఉన్నాయి. జబ్బు పడ్డ మనిషికి సగ్గుబియ్యం జావ ఇవ్వడం మా ఇళ్లల్లో ఆచారం. నేను ఆస్పత్రిలో ఉండగా ఎవరో చెప్పారు, కర్రపెండలం తినడం వల్లే క్లోమం పాడవుతుందని. హడలిపోయాను, చిన్నప్పటి నుంచి ఉడకబెట్టిన దుంపలు తిన్నదాన్ని. డాక్టరుగారు చెప్పిందేమిటంటే, ఆ అనుమానం ఒకప్పుడు గట్టిగానే ఉండేది. కేరళలో కర్రపెండలం బాగా తింటారు, ఆ దుంపలో సైనైడు పుట్టించే పదార్థాలు ఉంటాయి, అందుకని. కానీ ఆ దుంప ముట్టని ప్రాంతాల్లోనూ ఈ జబ్బు ఉంది, తినే వాళ్లందరికీ రావడం లేదు. కారణం అదేనని తేలలేదు. బాగా ఉడికించి తినమన్నారు. జావ తాగుతూనే ఉన్నాను.

2021 నవంబరులో హైదరాబాద్‌లో రాళ్లు పగలగొట్టించుకున్నాను. బయటి నుంచి తరంగాలతో కొడతారు. వెన్నులో మత్తు ఇచ్చి, బల్ల మీద పడుకోబెట్టి, నీటి తిత్తి లాంటిది పొట్టకి ఆనించారు. టక్, టక్, టక్ అని గోడగడియారం కంటే వేగంగా ఒకటే చప్పుడు. నొప్పి తెలియదు, దెబ్బ తెలుస్తుంది. వరసగా మూడు రోజులు. రాయి పొడయ్యాక, నోటి ద్వారా గొట్టం వేసి ఆ పొడిని ఊడ్చి, దారి మూసుకుపోకుండా స్టెంటు అనే సన్నటి ప్లాస్టిక్ గొట్టం పెట్టారు. అన్ని రాళ్లూ పోలేదు. పెద్ద గొట్టంలో అడ్డంగా ఉన్నవి తీశారు, క్లోమం కండలో ఇరుక్కున్నవి అలాగే ఉన్నాయి, వాటిని కదపరు. ఖర్చు గురించి రాయను, ఆస్పత్రికీ ఆస్పత్రికీ చాలా తేడా ఉంది.

డిశ్చార్జి రోజు చేతిలో పెట్టిన క్యాప్సూల్సే నా బతుకు మార్చింది. ఒకటి విప్పి చూశాను. లోపల గసగసాల కంటే కాస్త పెద్దవి, లేత గోధుమరంగు గుళికలు, వందల్లో. వేళ్ల మధ్య నలిపితే గట్టిగా ఉన్నాయి. కడుపులోని పులుపుకి కరగకుండా చిన్నపేగు దాకా వెళ్లేలా పైన పూత ఉంటుంది, అందుకే నమలకూడదు, వేడి కాఫీలో పాలలో కలపకూడదు. ఒక్కోదాంట్లో 25,000 యూనిట్ల లైపేజ్. నా క్లోమం చెయ్యలేని పని అవి చేస్తాయి. మొదటి నెల గుణం కనిపించలేదు. అడిగితే తేలింది, నేను అన్నానికి అరగంట ముందు ఖాళీ కడుపుతో మింగుతున్నాను, గ్యాస్ బిళ్లల అలవాటు కొద్దీ. ఇవి మొదటి ముద్దతో ఒకటి, భోజనం మధ్యలో ఒకటి వేసుకోవాలి. అన్నంతో పాటే ప్రయాణం చెయ్యాలి. అలా మార్చిన వారంలో విరేచనం మామూలుగా మారింది. ఆ రోజు నేను ఏడ్చాను, ఎవరికైనా చెబితే నవ్వుతారేమోనని దొడ్లోనే కూర్చుని ఏడ్చాను.

ఆ గుళికలు పంది క్లోమం నుంచి తీస్తారని తెలిసినప్పుడు రెండు రోజులు చేత్తో పట్టుకోలేకపోయాను. అత్తయ్యగారే అన్నారు, "మందుకి అంటూ ముట్టూ ఏమిటమ్మా, మనిషి నిలబడాలి గానీ. వేసుకో" అని. మనసు ఒప్పుకోని వాళ్లు మొహమాటం లేకుండా డాక్టరునే అడగాలి, చెప్పకుండా మానెయ్యకూడదు.

ఆహారం గురించి చెప్పే అమ్మాయి ఇంకో మాట చెప్పింది. నూనె పూర్తిగా మానకు, క్యాప్సూల్ వేసుకుని తిను అని. ఏడాదిన్నర చప్పిడి తిన్న నాకు అది నమ్మబుద్ధి కాలేదు. కొవ్వు తినకపోతే ఏ, డి, ఈ, కె విటమిన్లు ఒంటికి పట్టవు, నా డి విటమిన్ పరీక్షలో అడుగంటి ఉంది, పిక్కల పీకుడు అందుకే. రోజుకి మూడు పూటలు కాకుండా ఆరు సార్లు. పొద్దున ఇడ్లీ, పదింటికి ఉడికిన గుడ్డు, మధ్యాహ్నం అన్నంలో బీరకాయో ఆనపకాయో పప్పు, నాలుగింటికి రాగి జావ, రాత్రి పలచగా నూనె వేసిన చేప పులుసు, పడుకునే ముందు పెరుగు. వేపుళ్లు, అరిసెలు, బిర్యానీ మాత్రం లేవు. ఎనిమిది నెలల్లో నలభై ఏడు కిలోలకి వచ్చాను.

పసుపు గురించి అందరూ అడుగుతారు, నేనూ అడిగాను. మందుల షాపులో పసుపు క్యాప్సూల్స్ అమ్ముతున్నారు, వేసుకోవచ్చా అని. డాక్టరుగారు మన పక్క రాష్ట్రంలోనే జరిగిన పరీక్ష గురించి చెప్పారు. మణిపాల్‌లో ఇలాంటి క్లోమం జబ్బున్న ఇరవై మందితో చేశారు, 2005లో అచ్చయింది. కొందరికి ఆరు వారాలు పసుపులోని కర్‌క్యుమిన్ 500 మిల్లీగ్రాములు, దాంతో పాటు మిరియాల్లోని పైపెరిన్ 5 మిల్లీగ్రాములు ఇచ్చారు. పసుపు ఒక్కటీ ఒంటికి సరిగా పట్టదు, మిరియం తోడైతే పడుతుంది. మన రసంలో, మిరియాల పాలల్లో ఆ జంట ఎప్పటినుంచో ఉంది. కణాలకి తగిలిన దెబ్బకి గుర్తుగా రక్తంలో కొలిచే ఒక పదార్థం తగ్గింది. నొప్పి మాత్రం తగ్గలేదు. విటమిన్లు, సెలీనియం లాంటి యాంటీ ఆక్సిడెంట్లతో ఢిల్లీ ఎయిమ్స్‌లో 127 మందితో చేస్తే నొప్పి తగ్గిందని 2009లో వచ్చింది. ఇంగ్లండులో మాంచెస్టర్ వాళ్లు చేస్తే తగ్గలేదు. అక్కడ రోగుల్లో ఎక్కువమందికి తాగుడు వల్ల వచ్చిన జబ్బు. కాబట్టి, "కూరలో పసుపు ఎంతైనా వాడుకో, పసుపు క్యాప్సూల్స్ మీద ఆశ పెట్టుకుని నీ అరుగుదల క్యాప్సూల్స్ మానకు" అన్నారు. ఇలా ఉన్నదున్నట్టు చెప్పే డాక్టరు దొరకడం నా అదృష్టం.

ఆయుర్వేదం చదివిన డాక్టరు దగ్గరికీ వెళ్లాను, కాకినాడలోనే. ఆయన నాడి పట్టుకోకముందే నా స్కాన్ రిపోర్టులు అడిగారు. పాత గ్రంథాల్లో క్లోమ అన్న మాట ఉంది, దాహానికి మూలస్థానం అని చెబుతారు, కానీ అది ఇప్పుడు మనం అంటున్న ఈ అవయవమేనా అన్నదాని మీద పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు అన్నారు. వాపు ఉన్నప్పుడు శొంఠి, మిరియం, పిప్పళ్ల లాంటి ఘాటు మందులు నాకు ఇవ్వనన్నారు. పలచటి మజ్జిగలో కాస్త వేయించిన జీలకర్ర పొడి చాలన్నారు. నొప్పి వీపులోకి పాకితే నా దగ్గరికి రాకు, సెలైన్ పెట్టే చోటికి వెళ్లు అని గట్టిగా చెప్పారు. మంచి వైద్యుడికి ఆనవాలు అదే అనిపించింది నాకు.

దీనికి విరుద్ధంగా ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించుకున్న మందు ఒకటుంది. "క్లోమం శుద్ధి" అని చెప్పారు, నాలుగు వేల ఎనిమిది వందలు. నల్లటి మాత్రలు, డబ్బా మీద ఏం కలిపారో లేదు. రెండు వారాలు వేసుకున్నాను. హైదరాబాద్ డాక్టరుగారు డబ్బా చూడగానే ఆపించి, సీసం పరీక్ష చేయించారు. అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి దొరికాయని 2004లో బయటపడింది. సీసం ఒంట్లో చేరితే అదే కడుపునొప్పి పుట్టిస్తుంది. మరి ఏ నొప్పి దేనిదో ఎలా తేలుతుంది? నా పరీక్ష మామూలుగానే వచ్చింది, గండం గడిచింది.

2023లో చక్కెర వచ్చింది. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 8.9. ముందే చెప్పారు కాబట్టి ఆశ్చర్యపోలేదు, బాధ మాత్రం పడ్డాను. ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఎదురింటి పిన్నిగారు తన చక్కెర దీంతోనే తగ్గిందంటూ పొడపత్రి ఆకు తెచ్చిచ్చారు. మీరెప్పుడైనా నమిలారా? రెండు ఆకులు నమిలి ఉమ్మేసి, చెంచాడు పంచదార నోట్లో వేసుకున్నాను. తీపి లేదు. నోట్లో ఇసుక పోసుకున్నట్టే ఉంది, పళ్ల మధ్య కరకరలాడింది తప్ప తీపి జాడే లేదు. అంత విచిత్రం చూశాక నమ్మకం కుదరకుండా ఎలా ఉంటుంది? పొద్దున కాకరకాయ రసం, మధ్యాహ్నం పొడపత్రి కషాయం, రాత్రి నేరేడు గింజల పొడి మొదలుపెట్టాను. అన్నం సగానికి తగ్గించాను. ఇన్సులిన్ మాత్రం పాత లెక్కలోనే వేసుకుంటున్నాను. పన్నెండో రోజు మధ్యాహ్నం క్లాసులో బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ చెయ్యి వణికింది, చెమటలు కారిపోయాయి, అంకెలు రెండుగా కనిపించాయి. ముందు బెంచీ పిల్ల పరిగెత్తి వెళ్లి పెద్ద టీచరుగారిని పిలుచుకొచ్చింది. చక్కెర 52. నోట్లో గ్లూకోజ్ పొడి పోశారు.

క్లోమం పాడై వచ్చే చక్కెర జబ్బుకి ఇదొక ప్రమాదం. ఇన్సులిన్ చేసే కణాలతో పాటు, చక్కెర పడిపోయినప్పుడు పైకి లేపే గ్లూకగాన్ కణాలు కూడా పోతాయి. మామూలు షుగరు వాళ్ల కంటే మాకు చక్కెర ఇట్టే పడిపోతుంది, త్వరగా లేవదు. ఎదురింటి పిన్నిగారికి పనిచేసిన మందు నాకు పనికిరాకపోవడానికి కారణం ఆకులో లేదు, నా ఒంట్లో ఉంది. ఆ రోజు దోషం సగం తిండి తగ్గించడానిది, సగం ఎవరికీ చెప్పకుండా మూడు మందులు కలపడానిది. ఇప్పుడు కాకరకాయ కూరగా తింటాను. సంచిలో గ్లూకోజ్ పొట్లం ఎప్పుడూ ఉంటుంది. క్లాసు పిల్లలందరికీ అది ఏ అరలో ఉంటుందో తెలుసు.

మొన్న సంక్రాంతికి అత్తయ్యగారు మళ్లీ గట్టు మీద నుంచి కొండపిండి ఆకు తెచ్చారు. ఈసారి కషాయం కాచలేదు. ఆకు దూసి, పెసరపప్పులో వేసి ఉడికించి, ఒక చెంచా నూనెతో ఇంగువ పోపు పెట్టారు. కంచం ముందు కూర్చోగానే వేడి అన్నం మీద ఆ పప్పు వేసి, కంచం అంచున రెండు క్యాప్సూల్స్ పెట్టారు. "మొదటి ముద్దకొకటి, మధ్యలో ఒకటి" అన్నారు. నేను మొదటి ముద్ద కలుపుకునేదాకా ఎదురుగానే నిలబడ్డారు.